విశాఖలో ఆర్‌ఏనా, అమెరికా పోస్ట్‌డాకా: చేరకముందే అడగాల్సినవి

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: వైజాగ్‌లోనే కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అయింది, వైవా అయిపోయి ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది, ఇక్కడే ఒక డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా, అంటే ఆర్‌ఏగా, నెలకు 58,000 ప్లస్ హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) అన్నారు, ఇంకోపక్క అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి ఏడాదికి 62,000 డాలర్లకి పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన పని, అని మెయిల్ వచ్చింది. పాపకి ఏడాదిన్నర, అత్తగారికి షుగర్, మీ ఆయనది ఇక్కడ ప్రైవేట్ ఉద్యోగం. పీఎఫ్ ఉంటుందా, సెలవులుంటాయా, ట్యాక్స్ కట్టాలా, ఇన్సూరెన్స్ ఎవరిస్తారు, అసలు ఏది తీసుకోవాలి అని అడిగావు.

నేను ఈ దారిలో నడిచొచ్చిన దాన్నే. పెళ్లయిన ఏడాదికి ఇక్కడే ప్రాజెక్టులో ఆర్‌ఏగా చేశాను, తర్వాత మూడేళ్లు అమెరికా, తిరిగొచ్చాక నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్, ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటూ నా దగ్గర చేరే పిల్లల జాయినింగ్ రిపోర్టులు, ఎక్స్‌టెన్షన్ ఫైళ్లు నేనే చూసుకుంటున్నా. అప్పట్లో నాకు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు, ఎవర్ని అడిగినా "పేపర్లు బాగా రాయమ్మా, మిగతావన్నీ అవే వస్తాయి" అనేవాళ్లు. అవే రావు. అడిగితేనే వస్తాయి, అదీ చేరకముందు అడిగితేనే. చేరాక అడిగితే "రూల్స్‌లో లేదమ్మా" అంటారు, వాళ్లు చెప్పింది నిజమే కూడా అవుతుంది.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. నీ ఆఫర్ లెటర్‌లో జీతం అంకె కంటే ముందు ఇంకో మాట వెతకాలి. ఆ కాగితం నిన్ను ఉద్యోగి అంటోందా, ఫెలో అంటోందా? ఉద్యోగి అయితే వచ్చేది జీతం, ఫెలో అయితే వచ్చేది స్టైపెండ్. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, అదే ల్యాబ్, అదే ఫ్యూమ్ హుడ్, అదే పన్నెండు గంటల పని. కానీ పీఎఫ్, సెలవు, ఇన్సూరెన్స్, పన్ను, రేపు ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు అనుభవం లెక్క, ఇవన్నీ ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటాయి. నువ్వడిగిన నాలుగు ప్రశ్నలకీ జవాబు అక్కడే మొదలవుతుంది.

సరే, ముందు ఇక్కడి ఆఫర్ చూద్దాం. డీఎస్‌టీ 2023 జూన్‌లో ఫెలోషిప్‌లు పెంచుతూ ఆర్డర్ ఇచ్చింది, అది ఆ ఏడాది జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం ఆర్‌ఏ-1కి 58,000, ఆర్‌ఏ-2కి 61,000, ఆర్‌ఏ-3కి 67,000. ఏ మెట్టు మీద పెట్టాలో నీ అర్హత, అనుభవం చూసి ఆ సంస్థే నిర్ణయిస్తుంది. కొత్తగా పీహెచ్‌డీ అయినవాళ్లని అలవాటుగా మొదటి మెట్టు మీదే పెట్టేస్తారు, కానీ పీహెచ్‌డీ సబ్మిట్ చేశాక ఏడాదిన్నర ఇంకో ప్రాజెక్టులో చేశానని రాశావు కదా, ఆ సర్టిఫికెట్ జతచేసి రెండో మెట్టు ఇవ్వొచ్చేమో చూడండి అని ఇప్పుడే మర్యాదగా అడుగు. సెలక్షన్ కమిటీ మినిట్స్‌లో రాయకపోతే ఆ తర్వాత మార్చడం మహా కష్టం.

హెచ్‌ఆర్‌ఏ విషయంలో చాలామందికి తెలియంది ఒకటుంది. వైజాగ్ కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో వై క్లాస్ సిటీ, అంటే హెచ్‌ఆర్‌ఏ కోసం నగరాలని విడగొట్టిన మూడు వర్గాల్లో మధ్యది. డీఏ 50 శాతానికి చేరాక 2024 జనవరి నుంచి వై సిటీలకి హెచ్‌ఆర్‌ఏ 18 నుంచి 20 శాతం అయింది. పాత టెంప్లేట్ లెటర్లలో ఇంకా 18 అనే ఉంటోంది. 58,000 మీద 18 శాతం అంటే 10,440, 20 శాతం అంటే 11,600. నెలకి 1,160 తేడా, ఏడాదికి దాదాపు పద్నాలుగు వేలు, పాప పాల ఖర్చు వెళ్లిపోతుంది. ఏ రేటు వేస్తున్నారో, శాంక్షన్ లెటర్‌లో ఎంత ఉందో ప్రాజెక్ట్ పీఐని, అంటే ఆ ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్‌ని, అడుగు. హాస్టల్‌లో గదో, క్వార్టరో ఇస్తే మాత్రం హెచ్‌ఆర్‌ఏ రాదు.

డీఏ రాదు, బోనస్, గ్రాట్యుటీ, ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) కూడా రావు. ఇవి ఆ సర్వీస్ కండిషన్లలోనే స్పష్టంగా రాసుంటాయి కాబట్టి వీటి కోసం ఎవరితోనూ వాదించి ప్రయోజనం లేదు. వచ్చేవి ఏంటంటే సెలవులు. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ (జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలో) పిల్లలకి క్యాజువల్ లీవ్ మాత్రమే, ఆర్‌ఏలకి మాత్రం ఆ సంస్థ నిబంధనల ప్రకారం సెలవు ఉంటుంది. మెటర్నిటీ లీవ్ అందరికీ ఉంది, కేంద్ర ప్రభుత్వ సూచనల ప్రకారం, అంటే 180 రోజులు. కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఆన్ డ్యూటీ కింద లెక్క. వైద్య సదుపాయం కూడా సంస్థలో ఏది ఉంటే అది వర్తిస్తుంది అని రాసుంటుంది, కానీ చాలాచోట్ల ఆచరణలో అది క్యాంపస్ డిస్పెన్సరీలో జ్వరం మాత్రల దగ్గరే ఆగిపోతుంది, అత్తగారికి, పాపకి వర్తిస్తుందని అనుకోకు.

రెండో బిడ్డ ఆలోచన ఉందని నువ్వు రాయలేదు, అయినా చెప్తున్నా ఎందుకంటే నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలున్నారు. మెటర్నిటీ లీవ్ హక్కే, కానీ ప్రాజెక్టు గడువు మార్చిలో ముగిస్తే ఆ సెలవు కోసం ప్రాజెక్టు పొడిగించరు. నాలుగో నెలలో ఉండగా ప్రాజెక్టు అయిపోతే ఫెలోషిప్ కూడా దాంతో పాటే అయిపోతుంది. అందుకని ప్రాజెక్టులో ఇంకా ఎన్నాళ్లు మిగిలుందో తేదీతో సహా తెలుసుకో. "మూడేళ్ల ప్రాజెక్టు" అంటారు, నువ్వు చేరేసరికి అందులో పద్నాలుగు నెలలే మిగిలి ఉండొచ్చు.

ఇన్సూరెన్స్ సంగతి ఈ వారమే తేల్చుకో, ఏ ఆఫర్ తీసుకున్నా సరే. ఈఎస్‌ఐ నెలకి 21,000 లోపు జీతాలకే, నీకు వర్తించదు. మీ ఆయన కంపెనీ గ్రూప్ పాలసీలో నువ్వూ పాపా ఉన్నారేమో చూడు, అత్తగారిని కూడా కలపొచ్చేమో హెచ్‌ఆర్‌ని అడగమను. కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి ఆవిడ పేరు మీద సొంతంగా ఒకటి తీసుకోవడం మంచిది. షుగర్ ఉందని దాచకుండా రాయండి. పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే, ఆ మూడేళ్లు పాలసీ తీసుకున్న రోజు నుంచి లెక్క కాబట్టి నువ్వు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి నెలా వృథానే. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ కూడా తీసేశారు.

పీఎఫ్ ఉంటుందా అన్నావు. ప్రాజెక్టు ఆర్‌ఏలకి మామూలుగా ఉండదు. ఫెలోని ఉద్యోగిగా లెక్క వేయరు, పైగా ఈపీఎఫ్ తప్పనిసరి అనే పరిమితి 15,000 జీతం వరకే. అందుకని నీ పీఎఫ్ నువ్వే కట్టుకోవాలి. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్ ఖాతా తెరువు, ఏడాదికి 500 నుంచి లక్షన్నర వరకు ఎంతైనా వేసుకోవచ్చు. ఇప్పుడే ఎందుకంటున్నానంటే, ఎన్ఆర్ఐ అయ్యాక కొత్త పీపీఎఫ్ తెరవనివ్వరు, ముందే తెరిచి ఉంటే మాత్రం గడువు తీరేదాకా కొనసాగించుకోవచ్చు. అమెరికా వెళ్లినా వెళ్లకపోయినా ఐదొందలతో ఖాతా తెరిచి పెట్టుకో. నేను తెరవలేదు, వచ్చాక ముప్పై ఆరో ఏట మొదలుపెట్టాను, ఆ పోయిన ఏళ్లు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ట్యాక్స్ గురించి భయపడకు. చదువు ఖర్చుకోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి 1961 ఆదాయపు పన్ను చట్టంలో 10(16) కింద మినహాయింపు ఉండేది, పీహెచ్‌డీ ఫెలోషిప్‌లకి దాన్నే చూపించేవాళ్లం, ఆర్‌ఏ డబ్బుకి అది వర్తిస్తుందా లేదా అని ఒక్కో అకౌంట్స్ ఆఫీసు ఒక్కో రకంగా చెప్తుంది. నీ వరకు ఆ గొడవ అక్కర్లేదు. 58,000 ప్లస్ 11,600 అంటే నెలకి 69,600, ఏడాదికి 8,35,200. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల లోపు ఆదాయానికి రిబేట్ వల్ల పన్ను సున్నా. చిక్కు ఎక్కడొస్తుందంటే కొన్ని ఆఫీసుల్లో ఆర్‌ఏ డబ్బుని ప్రొఫెషనల్ ఫీజు కింద చూపించి 10 శాతం టీడీఎస్ కోసేస్తారు, నెలకి 6,960, ఏడాదికి 83,520. అది ప్రభుత్వం దగ్గర నీ డబ్బే, జులై నెలాఖరులోపు రిటర్న్ వేస్తే వెనక్కొస్తుంది. ప్రతి మూడు నెలలకోసారి ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో నీ పన్ను స్టేట్‌మెంట్ (26ఏఎస్ అనేవాళ్లం) తెరిచి కోసింది నీ పాన్ మీద పడిందో లేదో చూసుకో. నా స్టూడెంట్ ఒకమ్మాయిది పాన్‌లో ఒక అక్షరం తప్పు పడి ఏడాది డబ్బు వేరే ఎవరి ఖాతాలోనో కూర్చుంది, సరిచేయించేసరికి చెప్పులరిగిపోయాయి.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను, ఇది ఏ అడ్వర్టైజ్‌మెంట్‌లోనూ రాయరు. డబ్బు ప్రతి నెలా రాదు. ప్రాజెక్టు గ్రాంటు ఏడాదేడాదికి విడుదలవుతుంది, మార్చి 31తో ఆ ఏడాది లెక్క మూసేస్తారు, గ్రాంటు దేనికి వాడారో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), ఖర్చుల స్టేట్‌మెంట్ వెళ్లి అక్కడ ఓకే అయితేనే తర్వాతి విడత. ఏప్రిల్, మే, జూన్ అలా ఖాళీగా వెళ్లిపోవడం మామూలు. నాకు ఆర్‌ఏగా ఉన్నప్పుడు ఐదు నెలలు రాలేదు. పెదవాల్తేరులో రెండు గదుల ఇల్లు, ఇంటివాళ్లావిడ మంచిది, రోజూ మెట్ల దగ్గర "ఏటమ్మా, ఇంకా రాలేదేటి?" అనేది, అద్దె అడిగినట్టు ఉండదు, అడగనట్టూ ఉండదు, నాకు మాత్రం ఆ మెట్లు ఎక్కాలంటే తల కొట్టేసినట్టుండేది. నాలుగో నెలలో నా గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టాం.

అప్పుడు పట్టుదలగా అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి కూర్చున్నా. రెండు రోజులు "పైకి వెళ్లిందమ్మా" అన్నారు. మూడో రోజు అక్కడున్న ఒక పెద్దాయన నా మొహం చూసి జాలిపడ్డారో ఏమో, ఫైల్ మూవ్‌మెంట్ రిజిస్టర్ తీసి నా ముందు పెట్టి వేలితో వరస వెంబడి చూపించారు. ఫైలు ఆడిట్ నుంచి మే 9న వెనక్కొచ్చింది, ఆ తర్వాత గడి ఖాళీ. బీరువాలో వెతికితే దొరికింది, అట్ట మీద దుమ్ము కూడా చెక్కు చెదరలేదు. తెరిస్తే ఖర్చుల స్టేట్‌మెంట్ రెండో పేజీ మీద ఆడిటర్ స్టాంపు లేదు, దాని మీద పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. అంతే. ఆ ఒక్క స్టాంపు కోసం నలుగురు ఆర్‌ఏలం, ఇద్దరు జేఆర్‌ఎఫ్‌లం ఐదు నెలలు జీతం లేకుండా బతికాం. మా పీఐ మంచివారే, ఆయనకీ తెలీదు, ఫైలు ఢిల్లీలో ఉందనుకున్నారు. ఆ మధ్యాహ్నమే కాగితం పట్టుకుని ఆడిటర్ దగ్గరికి నేనే నడిచి వెళ్లి స్టాంపు వేయించుకొచ్చా.

అందుకని నీకు చెప్పేది, చేరినప్పటి నుంచి ప్రతి ఫిబ్రవరిలో మీ పీఐని "సార్, యూసీ తయారవుతోందా, నేనేమైనా సాయం చేయనా" అని అడుగు. బిల్లులు వరసగా అంటించి ఇచ్చే ఆర్‌ఏని ఏ పీఐ వద్దనరు. ఫైలు నంబరు రాసుకుని ఉంచుకో. ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా పెట్టుకో, మీ ఆయన జీతం ఉంది కాబట్టి నీకది నాకంటే సులువు.

ఇంకొకటి, ఇది ఇప్పుడు చిన్నగా కనిపిస్తుంది, ఐదేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో తెలుస్తుంది. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో యూనివర్సిటీల అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్ట్‌కి టీచింగ్ లేదా పోస్ట్‌డాక్ అనుభవం ఏడాదికి 2 మార్కులు, మొత్తం 10 వరకు. ఏడాది నిండకపోతే ఆ మేరకి తగ్గిస్తారు. కాబట్టి దిగిపోయేటప్పుడు తీసుకునే సర్టిఫికెట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, హోదా ఏంటి, నెలకి ఎంత, సెలక్షన్ కమిటీ ద్వారా తీసుకున్నారా, ఇవన్నీ ఉండాలి. "మా ల్యాబ్‌లో చాలా కష్టపడి పనిచేసింది" అని లెటర్‌హెడ్ మీద పీఐ సంతకం ఒక్కటే ఉంటే స్క్రూటినీలో పక్కన పెట్టేస్తారు. రిజిస్ట్రార్ ఆఫీసు స్టాంపుతో తీసుకో. అమెరికాలో చేసినా అంతే, అక్కడి హెచ్‌ఆర్ నుంచి తేదీలతో లెటర్ తెచ్చుకో, వచ్చాక మెయిల్ పెడితే జవాబిచ్చే మనిషి మారిపోయి ఉంటారు.

ఇక అమెరికా. 62,000 డాలర్లు అక్కడి లెక్కల్లో అన్యాయమేమీ కాదు, అక్కడి ఎన్‌ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) పోస్ట్‌డాక్ స్టైపెండ్ మొదటి ఏడాదికి 2024లో 61,008 ఉండేది, చాలా యూనివర్సిటీలు దాన్నే చూసి కనీసం నిర్ణయిస్తాయి. కానీ ఈ అంకెని 85తోనో 90తోనో గుణించి చూసుకోకు, ఖర్చు కూడా డాలర్లలోనే. ఒంటరిగా ఉన్నవాళ్లకి హాయిగా సరిపోయేది, పాపని డేకేర్‌లో వేస్తే జీతంలో పెద్ద ముక్క దానికే వెళ్తుంది, ఆ సీటుకి కూడా నెలల తరబడి వెయిటింగ్ లిస్టు ఉంటుంది. యూనివర్సిటీ డేకేర్ ఉందా, పోస్ట్‌డాక్‌లకి సబ్సిడీ ఉందా అని ఇప్పుడే అడుగు.

అక్కడ కూడా ఉద్యోగివా, ఫెలోవా అన్న ప్రశ్నే. కొన్ని యూనివర్సిటీల్లో పీఐ గ్రాంటు నుంచి జీతం ఇస్తే ఎంప్లాయీ, అదే బిల్డింగ్‌లో పక్క బెంచి మీద ట్రైనింగ్ గ్రాంటు మీద ఉన్నవాళ్లు ఫెలో. ఎంప్లాయీకి యూనివర్సిటీ హెల్త్ ప్లాన్, రిటైర్మెంట్ కోసం 403(బి) ఉంటాయి, కొన్నిచోట్ల యూనివర్సిటీ కూడా దాంట్లో తన వంతు వేస్తుంది. ఫెలోకి ఇవి తగ్గుతాయి, కొన్నిసార్లు ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా సొంత జేబులోంచే. నీ మెయిల్‌లో "అపాయింట్‌మెంట్" అని ఉంది గానీ ఏ టైటిలో లేదు, అది రాయించుకో.

ఇన్సూరెన్స్ దగ్గర కుటుంబం మొత్తానికి నెలకి ఎంత కోస్తారో అడుగు. జే-1 వీసా (పోస్ట్‌డాక్‌లకి మామూలుగా ఇచ్చేది) మీద వెళ్లేవాళ్లకి, వెంట జే-2 మీద వచ్చే భర్తకి, పిల్లలకి కూడా ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఒక్కో జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్ల కవరేజి ఉండాలి, డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి కట్టాల్సిన వాటా, 500 డాలర్లు మించకూడదు. పంటికి, కంటికి మామూలుగా విడి ప్లాన్ ఉంటుంది, చేరిన మొదటి నెలలో ఎంచుకోవాలి, ఆ గడువు దాటితే మళ్లీ ఏడాదికే. నేను నెలకి కొన్ని డాలర్లు మిగులుతాయని డెంటల్ వద్దనుకున్నా. రెండో చలికాలంలో కింది దవడ పన్ను వాచి రాత్రంతా లవంగం నూనె దూది పెట్టుకుని కూర్చున్నా, పొద్దున్న వెళ్తే రూట్ కెనాల్, క్రౌన్ కలిపి ఒక కాగితం మీద రాసిచ్చారు, అది నా నెల అద్దె కంటే ఎక్కువ. మందులు తీసుకుని వచ్చేసి, రెండు నెలల తర్వాత ఇంటికొచ్చినప్పుడు ద్వారకానగర్‌లో చేయించుకున్నా. ఆ రెండు నెలలు ఒకవైపే నమిలాను. నువ్వు డెంటల్ వద్దనుకోకు.

సెలవు విషయంలో మన దేశమే నయం. అక్కడ దేశం మొత్తానికీ వర్తించే జీతంతో కూడిన మెటర్నిటీ లీవ్ లేదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ అని చట్టం ఉంది, అది కూడా ఆ సంస్థలో 12 నెలలు, 1,250 గంటలు పనిచేశాక 12 వారాల జీతం లేని సెలవు. యూనివర్సిటీ సొంతంగా ఇచ్చేది వేరే ఉంటుంది, అది చూసుకోవాలి.

వీసా దగ్గర మూడు విషయాలు చెప్తా. జే-1 వీసా కోసం యూనివర్సిటీ పంపే డీఎస్-2019 ఫారం రాగానే కేటగిరీ గడి చూడు, రీసెర్చ్ స్కాలర్ అని ఉంటే ఐదేళ్ల వరకు పొడిగించొచ్చు, షార్ట్ టర్మ్ స్కాలర్ అని ఉంటే ఆరు నెలలే. రీసెర్చ్ స్కాలర్‌గా వెళ్లి మధ్యలో వదిలేసి వచ్చేస్తే 24 నెలల దాకా మళ్లీ ఆ కేటగిరీలో వెళ్లలేవు, అందుకని "నచ్చకపోతే వచ్చేస్తా, మళ్లీ వెళ్తా" అనే లెక్క కుదరదు. ఇక మా రోజుల్లో అందరం భయపడ్డ రెండేళ్ల హోమ్ రెసిడెన్సీ షరతు, అంటే తిరిగొచ్చి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలనేది, స్కిల్స్ లిస్ట్ అనే అమెరికా ప్రభుత్వ జాబితా వల్ల పడేది, 2024 డిసెంబర్‌లో ఆ లిస్ట్ మార్చి ఇండియాని తీసేశారు. ప్రభుత్వ డబ్బుతో, ఫుల్‌బ్రైట్ లాంటి వాటితో వెళ్లేవాళ్లకి మాత్రం ఇంకా ఉంటుంది. మీ ఆయన జే-2 మీద వస్తే అక్కడికెళ్లాక వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు, కానీ అది చేతికొచ్చేదాకా నెలలు పడుతుంది, అంతవరకు ఒక్క జీతమే అనుకుని లెక్కేసుకోండి. జే వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌గా పెట్టాలని 2025 జూన్ నుంచి అడుగుతున్నారు, అది కూడా గుర్తుంచుకో.

అక్కడి పన్నులో మనవాళ్లు ఒక గొయ్యిలో పడుతుంటారు. ఇండియా, అమెరికా పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 22 ప్రకారం యూనివర్సిటీలో పరిశోధనకి వెళ్లినవాళ్లకి రెండేళ్ల వరకు ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, ఫారం 8233 ఇస్తే జీతంలో కోయరు. వినడానికి బాగుంది. కానీ ఉండడం రెండేళ్లు దాటితే మొదటి రోజు నుంచీ ఆ మినహాయింపు పోతుంది. నాతోపాటు ల్యాబ్‌లో ఉన్న ఒకతను రెండేళ్లూ మినహాయింపు వాడుకుని, మూడో ఏడాది పొడిగించాక పాత రెండేళ్ల రిటర్నులు మళ్లీ వేసి, పన్నూ వడ్డీ కలిపి కట్టాడు, దాచుకున్నదంతా దానికే పోయింది. నాది మొదటి నుంచీ మూడేళ్ల కాంట్రాక్టు కాబట్టి యూనివర్సిటీ ట్యాక్స్ ఆఫీసులో ఒకావిడ నన్ను వద్దని ఆపింది, ఆవిడకి ఎన్నిసార్లు మనసులో దండం పెట్టుకున్నానో. నువ్వు రెండేళ్లు దాటి ఉండే అవకాశం ఉంటే ఆ డబ్బు నీది కాదనుకుని విడిగా పెట్టు, లేదా అసలు తీసుకోకు. స్టేట్ ట్యాక్స్ వేరు, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఆ ఒప్పందాన్ని పట్టించుకోరు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద కోసే 7.65 శాతం మాత్రం మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు కోయకూడదు, ఆగస్టులో దిగినా ఆ ఏడాది ఒక ఏడాది కిందే లెక్క. మొదటి పేస్లిప్ రాగానే ఆ వరస చూసుకో.

వెళ్లేటట్టయితే ఇక్కడ చేయాల్సినవి త్వరత్వరగా చెప్పేస్తా. సెప్టెంబర్ 28కల్లా బయల్దేరితే ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు నిండవు కాబట్టి నువ్వు ఎన్ఆర్ఐవే, అక్కడి జీతం ఇక్కడ చూపించే పని తగ్గుతుంది. సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే ఎన్ఆర్ఐలకి ఉండే రూపాయి ఖాతాగా, మార్పించు. పాపకి పాస్‌పోర్ట్ లేకపోతే మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు పని ముందు పెట్టుకో, పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లే ఉంటుంది. టీకాల కార్డు ఇంగ్లీషులో డాక్టర్ సంతకంతో తీసుకో. వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే దిగుతారు గానీ పాపతో అయితే ముందురోజే వెళ్లి పడుకోండి. మొదటి జీతం రావడానికి నెల, నెలన్నర పడుతుంది, అద్దె అడ్వాన్సు ముందే కట్టాలి, ఆ డబ్బు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి. రీలొకేషన్ అలవెన్స్ ఇస్తారా అని ఒక్క లైను అడుగు, అడిగినవాళ్లకి ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక ఏది తీసుకోవాలి అన్నావు. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తా. అమెరికా లెటర్‌లో ఎంప్లాయీ అని ఉండి, కుటుంబానికి ఇన్సూరెన్స్ ఉండి, కనీసం రెండేళ్లకి డబ్బు ఉందని ఆ ప్రొఫెసర్ రాసిస్తే వెళ్లు. నీ పనికి అక్కడ దొరికే పరికరాలు, మనుషులు ఇక్కడ దొరకడానికి టైం పడుతుంది. ఏడాదికి మాత్రమే, ఆ తర్వాత చూద్దాం అంటే పాపని, అత్తగారిని వదిలి వెళ్లేంత విలువ దానికి లేదు, ఇక్కడే ఆర్‌ఏలో చేరి ఏఎన్‌ఆర్‌ఎఫ్ వాళ్ల నేషనల్ పోస్ట్‌డాక్‌కి రాసుకో. పరిశోధనకి కేంద్రం తరఫున డబ్బిచ్చే సెర్బ్ స్థానంలో ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చింది. మా టైంలో దానికి నెలకి 55,000, హెచ్‌ఆర్‌ఏ అందులోనే కలిపి, విడిగా పరిశోధన ఖర్చులకి ఏడాదికి 2 లక్షలు నీ చేతిలో ఉండేవి, ఆ స్వేచ్ఛ ప్రాజెక్ట్ ఆర్‌ఏకి ఉండదు. ఒకవేళ అమెరికా ఖాయమైనా వీసా వచ్చేదాకా నాలుగైదు నెలలు పట్టొచ్చు, ఈలోపు ఇక్కడ చేరడంలో తప్పు లేదు, కాకపోతే నోటీసు పీరియడ్ ఎంతో, మధ్యలో వెళ్తే డబ్బు వెనక్కి కట్టమనే షరతు ఏమైనా ఉందో చూసుకో, పీఐకి విషయం ముందే చెప్పు. దాచిపెట్టి చేరి మూడో నెలలో వెళ్లిపోతే ఆయన ఇంకో ఆర్‌ఏ కోసం మళ్లీ మొదటి నుంచి అడ్వర్టైజ్‌మెంట్ వేసుకోవాలి, రేపు నీకు రికమెండేషన్ లెటర్ రాయాల్సింది కూడా ఆయనే.

ఆ ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు అన్నీ ఒకేసారి గుప్పించకు. ముందు మూడు అడుగు: నా టైటిల్ ఏంటి, ఎంప్లాయీనా ఫెలోనా, కుటుంబానికి ఇన్సూరెన్స్‌లో నా వాటా నెలకి ఎంత, గ్రాంటు ఏ తేదీ వరకు ఉంది. మొదటి రెండూ తనకి తెలీదు, హెచ్‌ఆర్‌ని అడగమని చెప్తారు, ఫరవాలేదు, హెచ్‌ఆర్ వాళ్ల మెయిల్ అడ్రస్ తీసుకో. జవాబు వచ్చాక ఇక్కడి ఆర్‌ఏ ఆఫర్ లెటర్‌లో "టెర్మ్స్ అండ్ కండిషన్స్" అని ఉన్న పేజీ కూడా పేర్లు, నంబర్లు తీసేసి నాకు పంపు, రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్తాను.